హొసకోట దాకా రెండు గంటలు, అక్కణ్ణుంచి ఇంటికి ఇంకో రెండు

మదనపల్లెలో పొద్దున ఆరింటికి బస్సెక్కితే చింతామణి మీదుగా హొసకోట చేరడానికి రెండు, మహా అయితే రెండున్నర గంటలు పడుతుంది. దాదాపు వంద కిలోమీటర్లు. అక్కణ్ణుంచి బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లో మా ఇంటికి ముప్ఫై అయిదు కిలోమీటర్లకు మించదు, దానికీ రెండు గంటలే. ఆ మధ్య ఒక సోమవారం మా మామ కళ్ళు చూపించుకుందామని వస్తూ బెంగళూరు మొదట్లో కె.ఆర్.పురం పక్కనున్న టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ఇరుక్కుపోయి ఫోన్ చేశాడు. "ఏందిరా అల్లుడూ, ఇంతింత జీతాలిచ్చే ఊర్లో బస్సు కదలదా? మన టమాటా లారీలు నయం" అన్నాడు.

అప్పటికి నవ్వేశాను గానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. దీనికి మనందరి దగ్గరా రెడీగా కొన్ని జవాబులుంటాయి. జనం ఎక్కువైపోయారు, రోడ్లు ఇరుకు, ఐటీ వాళ్ళకు మనిషికో కారు, ఆంధ్రా వాళ్ళంతా ఇక్కడికే వచ్చి పడ్డారు (ఇది మన ఎదురుగానే అంటారు, మనమూ నవ్వేసి ఊరుకుంటాం). అన్నిట్లోనూ కొంత నిజముంది. కానీ అవే రోడ్లు, అదే జనం ఉన్న ఊళ్ళో స్కూళ్ళకు సెలవులిచ్చిన వారం ఇరవై నిమిషాలు ముందే ఆఫీసుకు ఎలా చేరుతున్నామో ఈ జవాబులు చెప్పవు. స్కూలు బస్సులూ, పిల్లల్ని దింపే కార్లూ మొత్తం బండ్లలో ఎన్నో ఉండవు కదా.

అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. రోడ్డు నీళ్ళ ట్యాంకు లాంటిది కాదు, సగం నిండితే సగం ఇబ్బంది, పూర్తిగా నిండితే పూర్తి ఇబ్బంది అన్నట్టుండదు. ఒక సిగ్నల్ పచ్చలైటు పడినప్పుడల్లా వంద బండ్లను వదలగలదనుకుందాం. తొంభై వస్తున్నంతసేపూ ఎవరికీ ఏ బాధా లేదు. నూటపది రావడం మొదలైతే ప్రతిసారీ పది మిగిలిపోతాయి, ఆ పది తర్వాతి నూటపదికి కలుస్తాయి, గంటలో ముప్ఫైసార్లు పచ్చలైటు పడితే మూడువందల బండ్ల క్యూ తయారవుతుంది. ఆ క్యూ వెనక్కి పెరుగుతూ పోయి వెనకున్న జంక్షన్‌ను మూసేస్తుంది, అప్పుడు దానితో సంబంధం లేని వైపు వెళ్ళాల్సినవాళ్ళు కూడా ఆగిపోతారు. అంటే పెరిగింది కొంచెమే, కానీ జామ్ కొంచెం కాదు. తగ్గించడానికీ ఇదే సూత్రం పనిచేస్తుంది, అందుకే సెలవుల వారం అంత హాయిగా ఉంటుంది. అందరినీ కార్లు, స్కూటర్లు మానిపించాల్సిన పనిలేదు. పదిమందిలో ఒకరో ఇద్దరో వేరే దారి చూసుకుంటే చాలు. ఆ ఒకరిద్దరికి వేరే దారి ఎందుకు దొరకడం లేదన్నదే అసలు కథ.

లెక్కకు ఒక్క అంకె చెప్పి ముందుకెళ్తా. టామ్‌టామ్ అనే నావిగేషన్ సంస్థ 2024కి వేసిన లెక్కలో బెంగళూరు మధ్యభాగంలో పది కిలోమీటర్లకు సగటున 34 నిమిషాల పైన పట్టింది, ప్రపంచంలో మూడో స్థానం, మనకంటే ముందు కొలంబియాలోని బారన్‌కియా, ఆ తర్వాత మన కోల్‌కతా ఉన్నాయి. గంటకు పదిహేడున్నర కిలోమీటర్లన్నమాట. అదీ రాత్రీ పగలూ కలిపిన సగటు. సాయంత్రం ఆరున్నరకి రింగ్ రోడ్డు మీద ఇబ్బలూరు జంక్షన్ దగ్గర నిలబడ్డవాడికి ఈ అంకె చెబితే కొడతాడు.

ఇప్పుడు బస్సు సంగతికొద్దాం. ఈ వ్యవహారమంతా నాకు అర్థమైంది బస్సు వల్లే. హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డ్ దాకా ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగే 500డి లాంటి బస్సు రూటు తీసుకోండి, దూరం లెక్క సులువుగా ఉండటానికి ముప్ఫై కిలోమీటర్లనుకుందాం. ప్రతి పది నిమిషాలకు ఒక బస్సు ఉండాలి. బస్సు గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో వెళ్తే పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర, మొత్తం మూడు గంటలు. మూడు గంటల్లో పది నిమిషాలు పద్దెనిమిది కాబట్టి పద్దెనిమిది బస్సులుంటే సరిపోతుంది. ట్రాఫిక్ పెరిగి వేగం పదికి పడిపోయిందనుకోండి, పోనురానూ ఆరు గంటలు. అదే పది నిమిషాలకొక బస్సు ఇవ్వాలంటే ఇప్పుడు ముప్ఫై ఆరు కావాలి. ఉన్నవి పద్దెనిమిదే అయితే ఏమీ చేయక్కర్లేదు, ఏ అధికారీ ఒక్క బస్సు కూడా తగ్గించకుండానే రూటులో సర్వీసు సగమైపోతుంది. స్టాపులో నిలబడ్డ మనం "బస్సులు తగ్గించేశార్రా" అనుకుంటాం. తగ్గించింది మనమూ మన పక్కన హారన్ కొడుతున్న కారూ.

అక్కడితో ఆగదు. డ్రైవరు, కండక్టరు డ్యూటీ ఎనిమిది గంటలు. ముందు రెండు రౌండ్లు కొట్టి డిపోకి వెళ్ళగలిగేవాళ్ళు ఇప్పుడు ఒక్క రౌండే కొడతారు. జీతం అదే, బ్రేకులు తొక్కీ తొక్కీ డీజిల్ ఇంకా ఎక్కువే, టికెట్లు మాత్రం సగం. సంస్థకు నష్టం, నష్టమొస్తే కొత్త బస్సులు కొనడానికి ప్రభుత్వం వైపు చేయి చాచాలి. ఊళ్ళో సిటీ బస్సులు నడిపే బీఎంటీసీకి 2013 ప్రాంతంలోనే ఆరున్నర వేలకు పైగా బస్సులుండేవి, పన్నెండేళ్ళ తర్వాత ఎలక్ట్రిక్ బస్సులతో కలిపి చూసినా ఏడు వేల దగ్గరే తిరుగుతోంది. ఆ మధ్యకాలంలో ఊళ్ళో రిజిస్టరైన బండ్లు 50 లక్షల చుట్టూ ఉన్నవి కోటి దాటిపోయాయి, వాటిలో మూడింట రెండు వంతులు టూవీలర్లు. దీన్నిబట్టి ఇంకో లెక్క కూడా అర్థమవుతుంది. ఏడు వేల బస్సులు పది కిలోమీటర్ల వేగంతో తిరగడం కంటే నాలుగు వేల బస్సులు ఇరవై వేగంతో తిరగడమే జనానికి మేలు. వేగమే బస్సుల సంఖ్య. ఎన్నికలప్పుడు "వెయ్యి కొత్త బస్సులు" అంటే వార్త అవుతుంది గానీ "బస్సుకు ఖాళీ దారి" అంటే ఎవరూ చదవరు.

ఇంకో విచిత్రం అందరం చూసే ఉంటాం. అరగంట ఒక్క బస్సూ రాదు, తర్వాత ఒకే నంబరువి మూడు తోకలు పట్టుకున్నట్టు వస్తాయి. డ్రైవర్లు ఎక్కడో టీ తాగి కలిసి బయల్దేరారని తిట్టుకుంటాం. పాపం వాళ్ళ తప్పు చాలావరకు లేదు. మొదటి బస్సు ఒక జంక్షన్‌లో ఐదు నిమిషాలు ఆగిపోయిందంటే ఆ ఐదు నిమిషాల్లో ముందు స్టాపులో ఇంకొంతమంది జమ అవుతారు, వాళ్ళు ఎక్కడానికి ఇంకొంత సమయం, "ముందె హోగి, ముందె హోగి" అంటూ కండక్టర్ లోపలికి తోసేలోపు మరింత ఆలస్యం, ఆలస్యమైనకొద్దీ తర్వాతి స్టాపులో ఇంకా జనం. వెనకొచ్చే బస్సుకేమో స్టాపులన్నీ ఖాళీ, ఆగే పనిలేక దూసుకొచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. కాసేపటికి మూడోదీ వచ్చి కలుస్తుంది. ఒకటి మనుషులు వేలాడుతూ, రెండు ఖాళీగా. కాగితం మీద పది నిమిషాలకొక బస్సున్న రూటులో మనిషి అరగంట ఎదురుచూసేది ఇందుకే. పైగా ఎదురుచూపు ఎంతని ముందే తెలిస్తే మనిషి ఓర్చుకుంటాడు. ఐదు నిమిషాలో ముప్ఫై నిమిషాలో తెలియనప్పుడు మాత్రం ప్రతిరోజూ ముప్ఫై అనుకునే ఇంట్లోంచి బయల్దేరాలి. టెన్షన్ పడే బదులు ఈఎంఐ మీద స్కూటర్ కొనుక్కుంటాడు. ఆ స్కూటర్ వెళ్ళి అదే క్యూలో నిలబడుతుంది. బస్సు ఇంకొంచెం లేటవుతుంది.

నేనూ అలా కొన్నవాణ్ణే, కాబట్టి స్కూటర్ వాళ్ళను తిట్టే హక్కు నాకు లేదు. అదీగాక లెక్క వేసి చూస్తే స్కూటరే గెలుస్తుంది. ఆఫీసు ఇరవై అయిదు కిలోమీటర్లనుకోండి, పోనురానూ యాభై, లీటరు పెట్రోలు, వంద రూపాయలు దాటి కాస్త అటూ ఇటూ. వెనక రూమ్మేటు కూర్చుంటే మనిషికి యాభై చిల్లర. మెట్రోలో 2025 ఫిబ్రవరిలో పెంచిన తర్వాత గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలైంది, అంత దూరమంటే పోనురానూ 160 నుంచి 180 దాకా. స్టేషన్ దగ్గర్నుంచి ఆటో ఎక్కితే 2025 ఆగస్టు నుంచి కనీస ఛార్జీ 36, అదీ మీటరు వేస్తే, ఎవరు వేశారో మీకే తెలియాలి. మెట్రో కార్డుంటే ఐదు శాతం తగ్గింపు ఇస్తారు గానీ ఆ ఐదు శాతంతో స్కూటర్ అమ్ముకునేవాళ్ళు ఉండరు. బస్సు చవకే, నిజం. కర్ణాటక ఆడవాళ్ళకు 2023 జూన్ 11 నుంచి శక్తి పథకంలో ఉచితం కూడా. మన తెలుగు అమ్మాయిలకు మాత్రం ఆధార్‌లో అడ్రసు ప్రొద్దుటూరో ఖమ్మమో ఉంటే టికెట్ తప్పదు, పీజీలో ఉండేవాళ్ళు అడ్రసు ఎక్కడ మార్చుకుంటారు, ఆర్నెల్లకో పీజీ మారుతుంటే. అక్కడ ఊళ్ళో ఉచితం, ఇక్కడ ఉచితం, మధ్యలో వీళ్ళకు లేదు.

రోడ్డు మీద చోటు ఎవరిదన్నది ఇంకో లెక్క. ఒక బస్సు పన్నెండు మీటర్ల పొడవు, ఆఫీసు వేళ అరవై మంది తేలిగ్గా ఉంటారు. అదే అరవై మందిని కారుకు ఒకటిన్నర మనిషి చొప్పున పంపితే నలభై కార్లు, ముందూ వెనకా ఖాళీతో కలిపి కారుకు ఆరు మీటర్లేసుకున్నా పావు కిలోమీటరు క్యూ. పన్నెండు మీటర్ల బస్సు ఆ పావు కిలోమీటరు వెనక నిలబడి ఉంటుంది, అదీ న్యాయం! దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టక్కర్లేదు, బెంగళూరే ఒకసారి చేసి చూసింది. 2019 అక్టోబరులో సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పురం వైపు రింగ్ రోడ్డు మీద ఎడమ పక్క లేను బస్సులకు వదిలేసి పొట్టి స్తంభాలు పాతారు. బైకుల వాళ్ళు దూరకుండా ఆపడానికే మనుషుల్ని పెట్టాల్సొచ్చింది, కార్ల వాళ్ళు మా దారి లాక్కున్నారని గోలపెట్టారు. అయినా బస్సు మాత్రం పక్కన ఆగిపోయిన కార్లను దాటుకుంటూ కదిలేది, కార్లో కూర్చున్నవాడు కిటికీలోంచి బస్సును అసూయగా చూడటం ఈ ఊళ్ళో అప్పుడే మొదటిసారి. తర్వాత కరోనా వచ్చి ఆఫీసులు మూతపడ్డాయి, ఆపైన అదే రోడ్డు మధ్యలో మెట్రో పని మొదలై లేను మాయమైంది. మెట్రో కట్టడం కోసం బస్సు దారి తీసేశారు, మెట్రో మాత్రం ఇంకా రాలేదు.

ఫ్లైఓవర్ల గురించి కూడా అడుగుతారు. మొన్నటికి మొన్న మా అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా "ఇంకో ఫ్లైఓవర్ వేస్తే పీడా పోతుంది" అని ఎవరో పెట్టారు. 2010 జనవరిలో ఎలక్ట్రానిక్ సిటీకి దాదాపు పది కిలోమీటర్ల ఎలివేటెడ్ రోడ్డు తెరిచారు. పైన నిజంగానే రయ్యిమని వస్తాం. వచ్చి ఎక్కడ దిగుతాం? సిల్క్ బోర్డ్ జంక్షన్‌కు ముందు. వరసగా ఉన్న చిన్న చిన్న సిగ్నళ్ళ దగ్గర విడివిడిగా ఆగాల్సిన బండ్లన్నీ ఒకేసారి వచ్చి ఒకేచోట పడ్డాయి. ఇరుకు పోలేదు, చోటు మారింది. మరి రోడ్డు పెద్దదైతే బాగుపడదా అంటే కొన్నాళ్ళు బాగుంటుంది. అప్పటిదాకా పొద్దున్నే ఏడింటికి బయల్దేరేవాడు ఎనిమిదిన్నరకు మారతాడు, కంపెనీ బస్సులో వెళ్ళేవాడు కారు తీస్తాడు, "ఇప్పుడు రోడ్డు బాగుందిగా" అని ఇంకో పది కిలోమీటర్లు అవతల ఫ్లాటు కొంటాడు. రెండు మూడేళ్ళలో పాత కథే. 2016లో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా ఉక్కు వంతెన వేస్తామంటే జనం చేయి చేయి పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డారు, "స్టీల్ ఫ్లైఓవర్ బేడ" (వద్దు) అన్నారు, 2017లో అది ఆగిపోయింది. ఇప్పుడదే హెబ్బాళ నుంచి సిల్క్ బోర్డ్ దాకా భూమి కింద దాదాపు పదిహేడు కిలోమీటర్ల సొరంగమంటున్నారు, ఖర్చు పదిహేడు వేల కోట్ల పైన. అందులోకి టూవీలర్లకు ప్రవేశం ఉండదని చెబుతున్నారు, అంటే ఊళ్ళో ఎక్కువమంది నడిపే బండికి చోటుండదు. నా అభిప్రాయం అడిగితే అది డబ్బున్నవాడి కారుకు ఏసీ గది కట్టడం.

అయితే బస్సే సర్వరోగ నివారిణి అనడం కూడా తప్పు, ఎందుకంటే చాలా చోట్ల బస్సు తిరగడానికి రోడ్డే లేదు. జయనగర్‌లోనో మల్లేశ్వరంలోనో చూడండి, మెయిన్ రోడ్లూ క్రాస్ రోడ్లూ గళ్ళ నోటుబుక్కులా ఉంటాయి, ఒక దారి మూసినా పక్క దారుంటుంది. బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు, వర్తూరు వైపుకెళ్ళండి. పాత పల్లెల మధ్య ఎద్దుల బండ్ల బాటలే రోడ్లయ్యాయి, మధ్యలో చెరువులు, చెరువులు కాని చోట గోడ కట్టుకున్న లేఅవుట్లూ టెక్ పార్కులూ. ఎకరాలకెకరాల గోడల చుట్టూ తిరిగి వేలమంది ఒకే రోడ్డు మీదకు రావాలి. 2022 సెప్టెంబరు వానలకు ఆ గోడల లోపల వాళ్ళు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు పోయింది ఈ చెరువుల పుణ్యమే. 2025 సెప్టెంబరులో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య స్వయంగా విప్రో అజీమ్ ప్రేమ్‌జీకి ఉత్తరం రాశారు, సర్జాపుర రోడ్డులోని విప్రో క్యాంపస్ లోపల్నుంచి కొన్ని బండ్లను పోనివ్వమని. అది ప్రైవేటు స్థలం, ఎస్‌ఈజెడ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) నిబంధనలున్నాయి, కుదరదని ఆయన మర్యాదగా జవాబిచ్చారు. ఎవరు రైటన్నది పక్కన పెడదాం. ఒక రాష్ట్ర ముఖ్యమంత్రి ఒక కంపెనీ గేటు తెరవమని అడగాల్సి వచ్చిందంటే, ముప్ఫై ఏళ్ళ కిందట ఆ పొలాలు అమ్ముడుపోతున్నప్పుడు ఎవరూ రోడ్డుకు గీత గీయలేదని అర్థం.

మెట్రోది ఇంకో బాధ, అది వచ్చిన వరస. 2011 అక్టోబరు 20న ఎంజీ రోడ్డు నుంచి బయ్యప్పనహళ్ళి దాకా మొదటి రైలు నడిచింది. లక్షలమంది ఉద్యోగులుండే రింగ్ రోడ్డుకు మాత్రం కేంద్రం ఒప్పుకున్నది 2021లో. అంటే ముందు ఆఫీసులు, తర్వాత అపార్ట్‌మెంట్లు, ఆ తర్వాత జామ్, చివరికి రైలు. ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర వెళ్ళే ఎల్లో లైన్ 2025 ఆగస్టు 10న మొదలైనప్పుడు పట్టాలూ స్టేషన్లూ అన్నీ ఉన్నాయి, రైళ్ళే మూడున్నాయి. ఇరవై అయిదు నిమిషాలకొకటి. మళ్ళీ పైన బస్సుకు వేసిన లెక్కే, రైళ్ళు వచ్చేకొద్దీ ఆ వ్యవధి తగ్గుతూ వస్తోంది. ఇక లోకల్ రైళ్ళు. చెన్నైలోనో ముంబయిలోనో ఉన్నట్టు ఇక్కడ లేవు, ఉన్న పట్టాలు ఎక్కువగా దూరపు రైళ్ళకే. 148 కిలోమీటర్ల సబర్బన్ రైలుకు 2020 అక్టోబరులో కేంద్రం ఆమోదమిచ్చింది, 2022 జూన్‌లో ప్రధాని శంకుస్థాపన చేస్తూ 40 నెలలన్నారు. ఆ నెలలు అయిపోయాయి. నాలుగు లైన్లకూ సంపిగె, మల్లిగె, పారిజాత, కనక అని పూల పేర్లు పెట్టారు, వాసన మాత్రం ఇంకా రాలేదు.

బస్సు రాష్ట్ర రవాణా శాఖ కింద, మెట్రో కేంద్ర రాష్ట్రాల ఉమ్మడి సంస్థ, సబర్బన్ రైలు ఇంకో సంస్థ, రోడ్డు కార్పొరేషన్‌ది, రింగ్ రోడ్డు వేసింది బీడీఏ (బెంగళూరు అభివృద్ధి సంస్థ), సిగ్నల్ పోలీసులది, తవ్వేది నీళ్ళ బోర్డు. అందుకే మెట్రో మెట్లు ఒకచోట దిగితే బస్టాపు మూడొందల మీటర్ల అవతల ఉంటుంది, మధ్యలో ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మరో పానీపూరి బండో. వీటన్నిటినీ ఒక గొడుగు కిందకు తేవడానికి 2022లో చట్టం చేసి భూరవాణా ప్రాధికార సంస్థ అని ఒకటి పెట్టారు, 2025లో కార్పొరేషన్‌నే ఐదు ముక్కలు చేసి పైన ఇంకో అథారిటీ పెట్టారు. గొడుగులు పెరుగుతున్నాయి.

మామ సంగతి చెప్పి ఆపేస్తా. మళ్ళీ చెకప్‌కు వచ్చినప్పుడు నేనే చెప్పాను, కె.ఆర్.పురంలో దిగిపో మామా, మెట్రో ఎక్కు అని. పర్పుల్ లైన్లో మెజెస్టిక్, అక్కడ మారి గ్రీన్ లైన్లో ఆర్వీ రోడ్, మళ్ళీ మారి ఎల్లో లైన్లో బీటీఎం. మొత్తం ఇరవై ఒక్క స్టేషన్లు, మూడు రైళ్ళు. స్టేషన్ బయట స్కూటర్ మీద కాచుకుని ఉంటే చెమట పట్టకుండా నవ్వుతూ దిగాడు. "బాగానే ఉందిరా, కూర్చునే వచ్చినా. కానీ ఎదురుగా ఉండే ఇంటికి ఊరంతా తిప్పి తెస్తారేందిరా, నేరుగా ఒకటి లేదా?"

"కడతాండారు మామా, రింగ్ రోడ్డు మీద."

"ఆడ మొన్న గంటసేపు నిలబెట్టింది ఆ స్తంభాలేనా?"

అవే.